సెలవుల దాకా

మా కాన్వెంటు బడిలో టర్ము చివర తల్లిదండ్రులకు పంపే ఉత్తరం నాలుగు పేజీలు. పద్దెనిమిదేళ్లుగా దాన్ని టైపు చేసేది నేనే. మొదటి పేజీలో ప్రిన్సిపాలు మదరుగారి మాట. రెండో పేజీలో పరీక్షల తేదీలు, బడి మళ్లీ తెరిచే తేదీ, బూట్లు నల్లగానే ఉండాలన్న హెచ్చరిక. మూడో పేజీలో బహుమతులు గెలిచినవాళ్ల పేర్లు, చర్చిలో మొదటి సత్ప్రసాదపు అప్పం తీసుకున్న పిల్లల ఫొటో. ఆ ఫొటోలో ఎవడో ఒకడు కళ్లు మూసుకునే ఉంటాడు, ఏ ఏడూ తప్పలేదు. నాలుగో పేజీలో పోయి దొరికిన వస్తువుల జాబితా. ఒంటి మేజోళ్లు, మూతల్లేని డబ్బాలు, డబ్బాల్లేని మూతలు, ఒక ఏడాది ఒక కట్టుడు పన్ను. అది ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. నేను అడిగిన పెద్దవాళ్లంతా నోరు తెరవకుండా తల అడ్డంగా ఊపారు.

నా సంగతి కూడా చెప్పుకోవాలి. బడిలో నన్ను రేడియో అంటారు. నా ముఖం మీద అనరు గానీ, నాకు తెలుసు. నా నోట్లో నువ్వుగింజ నానదని వాళ్ల బాధ. అబద్ధమని నేనూ అనను. లెక్కల టీచరు ఉద్యోగం మానేస్తున్న సంగతి మదరుకంటే ముందు తోటమాలికి తెలిసిందంటే ఆ పుణ్యం నాదే. మా ఆయన అదే బడిలో మూడో నంబరు బస్సు నడుపుతాడు. నేను ఎంత వాగుతానో ఆయన అంత మితభాషి. రోజంతా నలభై మంది పిల్లల అరుపులు విని ఇంటికొస్తాడు, ఆ తర్వాత నన్ను వింటాడు. మా ఒక్కగానొక్క అమ్మాయి ఆ ఏడు చివరి తరగతి. మా ఇద్దరి తగాదాలకూ తీర్పు చెప్పేది అదే కాబట్టి వాళ్ల నాన్న దాన్ని జడ్జిగారూ అని పిలుస్తాడు.

ఉత్తరం చివర, పోయిన వస్తువుల కింద, ఎప్పుడూ ఒక వాక్యం ఉండేది. 'ఈ టర్ములో మీరు సమర్పించిన విన్నపాలు ఇన్ని. వాటిని ప్రభువు పాదాల దగ్గర ఉంచాం.' బడి ప్రార్థన గది గుమ్మం పక్కన ఒక చెక్క పెట్టె ఉంటుంది. పిల్లలు, తల్లిదండ్రులు, టీచర్లు, ఎవరైనా చీటీ మీద తమ విన్నపం రాసి అందులో వేయొచ్చు. టర్ము చివరి పూజలో పెద్ద సిస్టరు ఆ చీటీలను ఒక్కటి కూడా విప్పకుండా లెక్కపెట్టి, ఇత్తడి గిన్నెలో వేసి కాల్చేసేది. లెక్క నాకు చెప్పేది, నేను టైపు చేసేదాన్ని. అవి ఎవరూ చదవరని ఊళ్లో చంటిపిల్లకు కూడా తెలుసు. అందుకే జనం గుండెలోది దాచుకోకుండా రాసేవారు.

ఆ ఏడు పెద్ద సిస్టరు మోకాళ్లు పట్టేసి వృద్ధ కన్యాస్త్రీల మఠానికి వెళ్లిపోయింది. కొత్త మదరు కూడా వచ్చింది. మదరంటే ముసలావిడ అనుకునేరు, నాకంటే పదేళ్లు చిన్నది, మెట్లు రెండేసి ఎక్కుతుంది. ఆవిడకు వచ్చిన ప్రతి ఆలోచనా మంచిదే, ఏ ఒక్కటీ రెండుసార్లు ఆలోచించినది కాదు. టర్ము ఇంకా ఆరు వారాలుందనగా ఒక సోమవారం మధ్యాహ్నం ఆ చెక్క పెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"ఇవి కాల్చేస్తే ఎవరికి లాభం అమ్మా? పేర్లు లేకుండా ఒక ఇరవై ఏరి ఈసారి ఉత్తరంలో వేద్దాం. ఒకరి కష్టం ఒకరికి తెలిస్తే, ఒకరి కోసం ఒకరు ప్రార్థిస్తారు. మీరు అన్నీ చదివి మంచివి ఏరండి. అచ్చయ్యేదాకా మాత్రం ఎవరికీ చెప్పకండి."

ఎవరికీ చెప్పొద్దని నాకు చెప్పింది. కొత్త మనిషి, పాపం. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. పద్దెనిమిదేళ్లుగా ఆ పెట్టె పక్కనుంచి నడుస్తున్నాను, ఒక్క చీటీ అంచు కూడా చూడలేదు. తలుపు దగ్గరగా వేసి, కళ్లద్దాలు తుడుచుకుని కూర్చున్నాను.

'లెక్కల పరీక్ష రోజున వాన పడాలి. మామూలు వాన కాదు.' 'మా అత్తగారికి శాంతినివ్వు ప్రభువా, లేదా నాకు చెవుడు ఇవ్వు.' 'కుక్క తిరిగి రావాలి, రాకపోతే ఎవరి ఇంట్లో ఉందో వాళ్లు దాన్ని మంచం ఎక్కనివ్వాలి.' 'నాన్న అమ్మతో మాట్లాడాలి.' ఈ చివరిది నాలుగు చీటీల మీద నాలుగు రకాల చేతిరాతల్లో ఉంది. నవ్వుకున్నాను, కళ్లు తుడుచుకున్నాను, రాత చూసి ఎవరివో పోల్చుకున్నాను. సాయంత్రం మా ఆయనకు ఏది ముందు చెప్పాలా అని మనసులో వరస కట్టుకుంటున్నాను కూడా.

అప్పుడు బస్సు ట్రిప్పుల కాగితం ముక్క ఒకటి వచ్చింది. వెనకవైపు రాత. చదవక ముందే ఎవరిదో తెలిసింది. ఇరవై రెండేళ్లుగా ఆ రాతతో సరుకుల జాబితాలు చూస్తున్నాను, 'ళ' రాస్తే చుట్ట చుట్టుకున్న వానపాములా ఉంటుంది.

'ప్రభువా, డాక్టరు చెప్పింది సెలవుల దాకా మా ఇంట్లో తెలియకుండా చూడు. అమ్మాయి పరీక్షలు బాగా రాయాలి. మా ఆవిడకు తెలిస్తే అమ్మాయికి తెలిసిపోతుంది, దాని నోటి సంగతి నీకు తెలియంది కాదు. అప్పటిదాకా నొప్పి నేను ఓర్చుకుంటాను. ఆ తర్వాత నీ చిత్తం.'

మొదట నాకు వచ్చింది కోపం. ఇలా చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ, అదే నిజం. దేవుడి దగ్గర కూడా నా మీద చాడీలా అనుకున్నాను. తర్వాత రెండోసారి చదివాను. డాక్టరు. నొప్పి. ఆ తర్వాత నీ చిత్తం. నీ చిత్తం అని మేం ఎప్పుడంటామో నాకు తెలుసు. ఇక మనుషుల వల్ల అయ్యేది ఏమీ లేనప్పుడు అంటాం. మా నాన్న మంచం పక్కన ఫాదరుగారు అన్న మాట అదే.

కిటికీలోంచి చూస్తే మూడో నంబరు బస్సు ఆవరణలోకి వస్తోంది. ఆయన దిగి, తలుపు దగ్గర నిలబడి పిల్లల్ని ఎక్కించుకుంటున్నాడు. ఒక చేత్తో సంచులు అందుకుంటున్నాడు. రెండో చెయ్యి నడుం మీద, వెనక్కి పెట్టుకుని ఉంది. ఆ చెయ్యి అక్కడ ఉండటం నేను నెల రోజులుగా చూస్తున్నాను. సీటు బాగుచేయించుకోండి అని సాధిస్తున్నాను కూడా. చూసిందంతా చూసి, ఏం చూశానో తెలుసుకోలేదు.

పరుగెత్తుకెళ్లి నిలదీద్దామని లేచాను. తలుపు దాకా వెళ్లి ఆగాను. అడిగితే ఏమవుతుంది? ఎలా తెలిసిందంటాడు. నీ విన్నపం విప్పి చదివానని చెప్పాలి. ఆయన దేవుడికి ఒక్కడికే చెప్పుకున్నది, ఎవరూ చదవరన్న నమ్మకంతో రాసింది. పైగా, నేను ఏడవకుండా ఉండలేను. నేను ఏడిస్తే అమ్మాయి వదలదు. పది నిమిషాల్లో కక్కించేస్తుంది. ఆ చీటీలో నా గురించి ఉన్న ఒక్క వాక్యం అక్షరాలా నిజమని తేలిపోతుంది. ఆ చీటీని మడిచి నా ప్రార్థన పుస్తకంలో పెట్టుకున్నాను.

మర్నాడు మదరును అడిగాను, పేరు చెప్పకుండా. "చీటీల్లో తెలిసినవాళ్లవి ఉంటే ఏం చేయాలి మదరూ? బాగా తెలిసినవాళ్లవి?"

ఆవిడ ఏదో సంతకం చేస్తోంది. "టైపు చేయగానే మర్చిపోండమ్మా. అది వాళ్లకూ ప్రభువుకూ మధ్య సంగతి. మన పని మోయడమే, తెరవడం కాదు" అంది.

తెరవమని పెట్టె తెచ్చి ఇచ్చింది ఆవిడే. అయినా ఆ మాట నా మనసులో పాతుకుపోయింది. మోయాలి. సెలవుల దాకా మోయాలి. జన్మలో ఒక్క రహస్యమైనా దాచి చూపిస్తానని పంతం పట్టాను. నా మొగుడి మీద పంతమో, దేవుడి మీదో, అప్పుడు తెలియలేదు.

నిజానికి ఆ పంతం పట్టకముందే, చీటీ చదివిన సాయంత్రమే మొదటి పరీక్ష ఎదురైంది నాకు. ఆయన ఇంటికొచ్చి, తడి బూట్లతో వంటింట్లోకి నడిచాడు. నేను ఏమీ అనలేదు. ఎలా అంటాను? బూట్ల గుర్తులు తుడిచాను. భోజనంలో సగం వదిలేశాడు. ఏమీ అనలేదు. కంచం తీశాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఏమే, ఒంట్లో బాలేదా? ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఏం లేదండీ."

"ఏం లేదంటే ఎలా? వచ్చి అరగంటైంది, ఒక్క తిట్టు లేదు. జడ్జిగారూ, మీ అమ్మ నోటికి ఎవరో తాళం వేశారు, చూశారా?"

అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తి చూసింది. ఇద్దరూ నన్నే చూస్తున్నారు. ఆయన కళ్లలో నవ్వు లేదు, అనుమానం ఉంది. అప్పుడు నాకు అర్థమైంది. నేను మంచిదాన్నయితే దొరికిపోతాను. ఆయన దేవుణ్ణి అడిగింది ఆయనకు దక్కాలంటే నేను ఎప్పటిలాగే ఉండాలి. ఎప్పటిలాగే సాధించాలి.

"తాళం వేయడానికి ఇంట్లో మగదిక్కు ఉంటే కదా" అని అందుకున్నాను. "ఆ బూట్లేంటి? ఇప్పుడే తుడిచాను, కళ్లు నెత్తికెక్కాయా? కంచంలో సగం వదిలేస్తే ఎవరు తింటారు, మీ బస్సా?"

ఆయన ముఖం తేటపడింది. కుర్చీలో వెనక్కి వాలి, "అమ్మయ్య" అన్నాడు.

అలా ఆరు వారాలు. జబ్బుతో ఉన్న మనిషిని నేను రోజూ తిట్టాను. లెక్క తప్పకుండా తిట్టాను. పొద్దున్నే అద్దం ముందు బెల్టుకు కొత్త రంధ్రం పొడుచుకుంటుంటే, "నడుం సన్నబడిందని మురిసిపోతున్నారా, కొత్త పెళ్లికొడుకు బయలుదేరాడు" అన్నాను. మెట్ల మధ్యలో ఆగిపోతే, "దారికి అడ్డంగా విగ్రహంలా నిలబడే బదులు ఎక్కరాదూ" అన్నాను. అని, స్నానాల గదిలోకి వెళ్లి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. బయటికొచ్చి, నీళ్లన్నీ ఎవరు ఖర్చు చేస్తున్నారని వాళ్లిద్దరి మీదే ఎగిరాను.

కూరల్లో కారం తగ్గించాను. ఎందుకు తగ్గించావని అడిగితే, "మీకు వండి పెట్టీ పెట్టీ నాకే విసుగొచ్చింది, ఇంతే వస్తుంది" అన్నాను. ఆయన చిక్కిపోయి చొక్కాలు వేలాడుతుంటే, బయటివాళ్లకు తెలియకుండా వాటి కుట్లు లోపలికి పట్టాను. అదీ గొణుగుతూనే చేశాను. ప్రేమగా ఒక్క మాట మాట్లాడే వీలు లేదు నాకు. ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. ఆయన వీపు మీద చెయ్యి వేసి ఎక్కడ నొప్పి అని అడగాలని ఉండేది. అడిగితే అయిపోయేది.

ఒకరోజు అమ్మాయే తీర్పు చెప్పింది. "అమ్మా, ఈ మధ్య నువ్వు మరీ ఎక్కువ చేస్తున్నావు. నాన్న ఏమీ అనకుండా పడుతున్నాడు కదా అని..."

"నువ్వు చదువుకో జడ్జిగారూ" అన్నాడు ఆయన. "మీ అమ్మ అరుపులు వినబడుతుంటే ఇల్లు ఇల్లులా ఉంటుంది."

నాలుగో వారంలో బస్సు కడుగుతున్న రోజు ఒకటుంది. దాని గురించి చెప్పకుండా ఉండలేను. ఆయన కుళాయి దగ్గర బకెట్లు నింపుతున్నాడు. నేను టిఫిను డబ్బా ఇవ్వడానికి బస్సెక్కాను. డ్రైవరు సీటు కింద, తుడుపు గుడ్డల వెనక, ఆసుపత్రి ముద్ర ఉన్న నీలం కవరు. చెయ్యి పెట్టాను. లోపల ఎక్స్‌రే లాంటిదేదో గట్టిగా తగిలింది. కవరు అంటించి లేదు, మూత ఊరికే మడిచి ఉంది. బడికి వచ్చే ప్రతి కవరూ ఎవరిదైనా సరే వెలుతురుకు పట్టి చూసే మనిషిని నేను. ఆ రోజు చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అందులో ఏముందో నాకు తెలుసని అనుకున్నాను. ఇన్ని నెలలు, ఇన్ని వారాలు అని ఏదో అంకె ఉంటుంది, ఆ అంకె చూస్తే ఇక నా ముఖం దాచలేను అనుకున్నాను. బస్సు దిగుతూ నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. రేడియో మారిందని గర్వపడ్డాను.

ఉత్తరం తయారైంది. ఇరవై విన్నపాలు ఏరాను. వాన, కుక్క, అత్తగారు, మాట్లాడని నాన్న. మదరు చదివి, "ఇంకొంచెం బరువైనది ఒక్కటైనా లేదా అమ్మా? ఎవరైనా జబ్బుతో ఉన్నవాళ్లది?" అని అడిగింది.

"లేదు మదరూ. అందరూ బాగానే ఉన్నట్టున్నారు" అన్నాను.

మిగిలిన చీటీలను నేనే ఇత్తడి గిన్నెలో వేసి ఆవిడకు అందించాను. లెక్క ఒకటి తక్కువ వేశాను.

టర్ము చివరి రోజు మధ్యాహ్నం ఉత్తరాల కట్టలు తరగతులకు వెళ్లాయి. ఇంకో పావుగంటలో బస్సులు కదులుతాయనగా మా ఆయన ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో నాలుగో పేజీ. ఆ వేళకు ఆయన కళ్లలో తెల్లగుడ్డు పసుపు పచ్చగా అయింది. నేనది పది రోజులుగా చూడనట్టు నటిస్తున్నాను. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఇదేంటే? చీటీలు... కాల్చేస్తారు కదా. ఇవి ఎవరు చదివారు?"

తలెత్తకుండా స్టేప్లరుతో ఇంకో రెండు కాగితాలు కుట్టాను.

"ఎవరు చదువుతారు, మదరే. ఒక్కతే గదిలో కూర్చుని ఏరింది. ఇరవై రాసిచ్చింది, టైపు చేశాను. మిగతావి నన్ను కనీసం తాకనివ్వలేదు. పద్దెనిమిదేళ్ల సర్వీసు, ఇంత నమ్మకం లేదు. చెప్పుకుంటే సిగ్గుచేటు. మీరు వెళ్లండి, బస్సు నిండా పిల్లల్ని వదిలేసి ఇక్కడ నిలబడ్డారేంటి?"

ఆయన నన్ను కాసేపు చూశాడు. తర్వాత ఊపిరి వదిలాడు. నా జన్మలో నేనాడిన అన్ని అబద్ధాల్లోకీ అంత చక్కగా కుదిరినది మరొకటి లేదు. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, "అమ్మాయి చివరి పరీక్ష బాగా రాసిందట" అన్నాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

సెలవుల మొదటి రోజు పొద్దున అమ్మాయి స్నేహితురాలింటికి వెళ్లింది. ఆయన వంటింట్లోకి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నేను టీ వడకడుతున్నాను. వచ్చేసిందని తెలిసింది. ఎలా ఉలిక్కిపడాలో, ఏమనాలో, ఆరు వారాలుగా తయారు చేసుకుని ఉన్నాను.

"ఒకటి చెప్తాను, అరవకు" అన్నాడు. "నా కడుపులో గడ్డ ఉందట. వెనకవైపు, క్లోమం దగ్గర."

గిన్నె కింద పెట్టాను. ఉలిక్కిపడటం మర్చిపోయాను. ఆయన గమనించలేదు, బల్ల మీద గీతలు చూస్తూ మాట్లాడుతున్నాడు.

"కంగారుపడకు. ఆపరేషన్ చేసి తీసేయొచ్చన్నాడు డాక్టరు. పెద్ద ఆపరేషనే, నెలా రెండు నెలలు మంచం. అదే ఆలోచించా. పరీక్షల ముందు నేను ఆసుపత్రిలో పడితే అమ్మాయి ఏం చదువుతుంది? సెలవులు రానీ అనుకున్నా. ఇప్పుడు చేయించుకుంటా."

"ఆపరేషనా" అన్నాను. "ఆపరేషన్ అన్నాడా?"

"అన్నాడు. వెంటనే చేరమన్నాడు. వీళ్లకు అన్నీ వెంటనే కావాలి కదా."

"ఎప్పుడన్నాడు?"

"పరీక్షల తేదీలు వచ్చాయే, ఆ వారం. ఏడు వారాలైందేమో."

ఆ తేదీలు టైపు చేసింది నేనే. ఆ చీటీని నేను ఎన్నిసార్లు చదువుకున్నానో లెక్కలేదు. డాక్టరు చెప్పింది అన్న మాట దగ్గర ప్రతిసారీ చావు అనే చదువుకున్నాను. అందులో ఆ మాట ఎక్కడా లేదు. ఆపరేషనుకు ముందు భయపడిన మనిషి కూడా నీ చిత్తం అంటాడని నాకు తట్టలేదు. ఒక్కసారి నోరు జారి ఉంటే చాలు. ఒక్కసారి ఆ నీలం కవరు మూత ఎత్తి ఉంటే చాలు. ఊరందరి సంగతులూ విప్పి చూసిన దాన్ని, నా ఇంట్లోది మాత్రం విప్పకుండా గౌరవించాను.

"లేవండి" అన్నాను. "చొక్కా వేసుకోండి. ఇప్పుడే వెళ్దాం."

"టీ తాగనీవే."

"లేవమన్నానా!" అని అరిచాను. ఆరు వారాల్లో అదొక్కటే నటించని అరుపు. ఆయన నవ్వుతూ లేచాడు.

ఆసుపత్రిలో ఆ రోజూ మర్నాడూ పరీక్షలు చేశారు. మళ్లీ స్కానింగు తీశారు. మూడో రోజు పదిన్నరకు లోపలికి పిలిచారు. గది చిన్నది. బల్ల, మూడు కుర్చీలు, గోడకు వెలుగుతున్న తెర. డాక్టరు యువకుడు, మెత్తగా మాట్లాడే మనిషి. పాత స్కానింగు ఒక పక్క, కొత్తది ఒక పక్క పెట్టాడు. పాతదాంట్లో ఒకచోట వేలు పెట్టాడు. కొత్తదాంట్లో ఎక్కడెక్కడో పెట్టాడు. కాలేయంలో నాలుగుచోట్ల.

"అప్పుడు గడ్డ ఉన్నచోటే ఉంది. తీయడానికి వీలుండేది. కచ్చితంగా తగ్గిపోయేదని నేనూ చెప్పలేను గానీ, మంచి అవకాశమే ఉండేది" అన్నాడు. "ఇప్పుడు కోసినా ప్రయోజనం లేదు. నొప్పి తెలియకుండా చూడగలం. అంతవరకే."

"ఎన్నాళ్లు?" అని ఆయనే అడిగాడు.

"రెండు నెలలు. మూడు అనుకోవడం కష్టం."

ఆయన తల ఊపాడు. బస్సు రూటు మారిందని చెబితే ఎలా ఊపుతాడో అలాగే. నేను తెర మీద ఉన్న పాత బొమ్మనే చూస్తూ కూర్చున్నాను. దాని మూలన తేదీ ఉంది. పెట్టె నా బల్ల మీదికి వచ్చిన సోమవారానికి ముందు శుక్రవారం అది. నేను ఆ చీటీ విప్పేసరికి మూడు రోజులే అయింది.

డాక్టరు ఫైలు మూసి, కొంచెం విసుగ్గానే అడిగాడు. "ఇంట్లో మాట్లాడి మర్నాడే వస్తానన్నారు కదండీ. ఏడు వారాలు ఏం చేశారు?"

"తప్పు నాదే డాక్టరుగారూ. ఇంట్లో చెప్పలేదు" అన్నాడు మా ఆయన. నా వైపు చూపించాడు. ఆ గొంతులో, ఏమని చెప్పను, ఒక అతిశయం ఉంది. "దీని సంగతి మీకు తెలియదు. చెప్పి ఉంటే ఒక్క పూట ఆగనిచ్చేదా? జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చి మీ బల్ల మీద పడేసేది. అందుకే దీనికి తెలియకుండా దాచాను."

డాక్టరు నా వైపు తిరిగాడు. కళ్లలో విసుగు పోయి జాలి వచ్చింది. "మీకు అసలు ఏమీ తెలియదా అమ్మా? అనుమానం కూడా రాలేదా?"

చెప్పేయాలని నోరు తెరిచాను. మా ఆయన నన్నే చూస్తున్నాడు. దాచగలిగానన్న తృప్తి ఒక్కటే ఆయనకు మిగిలింది. నాకు తెలుసునని చెబితే, తెలిసి ఊరుకున్నానని చెబితే, ఆ రెండు నెలలూ ఆ మాట పక్కలో పెట్టుకుని పడుకోవాలి ఆయన.

"తెలియదండీ" అన్నాను.

మా ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, నా చెయ్యి పట్టుకున్నాడు. "ఏడవకే పిచ్చిదానా" అన్నాడు. "ఇందులో నీ తప్పేముంది?"